బుల్గోగి: పెనం మీద కాలాల్సిన మాంసం ఎందుకు ఉడికిపోతుంది?

కొరియన్ సీరియళ్లలో చూసి ముచ్చటపడి ఇంట్లో బుల్గోగి (సాస్ పట్టించి కాల్చే పలచటి మాంసం ముక్కల వంట) వండుకున్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటే. సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, నువ్వుల నూనె అన్నీ కొలత ప్రకారం కలుపుతారు. పలచగా కోసిన బీఫ్ ముక్కల్ని రాత్రంతా అందులో నానబెడతారు. తీరా పెనం మీద వేశాక రెండు నిమిషాలు తిరక్కుండానే గోధుమరంగు నీళ్లు ఊరి, ముక్కలన్నీ అందులో తేలుతూ ఉడకడం మొదలుపెడతాయి. తినడానికి బాగానే ఉంటుంది. కానీ అంచులు కాస్త మాడి, తీపీ ఉప్పూ పొగవాసనా కలిసిన ఆ రుచి రాదు. దాంతో సాస్‌లోనే ఏదో తేడా జరిగిందనుకుని ఇంకో రెసిపీ వెతుకుతారు.

సాస్‌లో తేడా జరిగే అవకాశం నిజానికి తక్కువ. బుల్గోగిలో అన్నిటికన్నా సులువైన పని సాస్ కలపడమే. అరచెంచా అటూ ఇటూ అయినా కొంప మునగదు. వంట చెడేదీ కుదిరేదీ నీటి దగ్గర. మాంసంలోని నీరు, సాస్‌లోని నీరు, పండు గుజ్జులోని నీరు మూడూ కలిసి పెనం మీదికి వస్తాయి. ఆ నీటిని ఏం చేయాలో ముందే తేల్చుకోకపోతే ఏ రెసిపీ పట్టుకున్నా ఫలితం అదే. కొరియాలో ఊరికో తీరుగా సాగే బుల్గోగి పద్ధతుల్ని ఈ కోణంలో చూస్తే, ఇంట్లో చేయాల్సిందేమిటో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

జోసన్ రాజుల కాలంలో (1392–1910) కొరియా వ్యవసాయానికి ఎద్దులే ఆధారం. అందుకే పశువుల్ని కోయకూడదని ప్రభుత్వం పదేపదే ఆంక్షలు పెట్టింది. అయినా పెద్దల ఇళ్లలో, పండగల్లో బీఫ్ వంట ఆగలేదు. అప్పట్లో నొబియాని అనే వంట ఉండేది. మాంసాన్ని వెడల్పుగా, ఇప్పటికన్నా మందంగా కోసి, కత్తితో గాట్లు పెట్టి, సోయా సాసూ వెల్లుల్లీ నువ్వుల నూనే పట్టించి నిప్పుల మీద కాల్చేవారు. నేటి బుల్గోగికి దగ్గరి పూర్వరూపం ఇదే. ఇంకా వెనక్కి వెళ్లి, గొగుర్యొ రాజ్యం నాటి మెక్‌జొక్ అనే కాల్చిన మాంసమే దీనికి మూలమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ వంశవృక్షం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. వంట చేసుకునేవాళ్లకు దానితో పెద్దగా పనీ లేదు.

పనికొచ్చేది ఆ తర్వాతి కథ. దక్షిణ జొల్లా ప్రాంతంలోని గ్వాంగ్యాంగ్‌లో మాంసాన్ని ముందురోజు నుంచి నానబెట్టరు. పలచటి ముక్కలకు కాల్చే ముందే సాస్ పట్టించి, బొగ్గుల మీద పెట్టిన రాగి జల్లెడపై వేస్తారు. ఊరిన నీరు జల్లెడ సందుల్లోంచి నిప్పుల్లోకి కారిపోతుంది. కారిన కొవ్వు పొగై మళ్లీ మాంసానికే పడుతుంది. నానే సమయం తక్కువ కాబట్టి మాంసం నీరు వదిలే సమయమూ తక్కువే. ఉల్సాన్ దగ్గరి ఒన్యాంగ్‌లో ఇంకో దారి. అక్కడ మాంసాన్ని సన్నగా తరిగి, సాస్ కలిపి, జల్లెడ మీద పలచగా అద్ది కాలుస్తారు. 1970లో పూర్తయిన సోల్–బూసాన్ హైవే పనులకు వచ్చిన కూలీల నోటి మాటతోనే తమ ఊరి వంటకు దేశమంతా పేరొచ్చిందని ఒన్యాంగ్ వాళ్లు చెప్పుకుంటారు.

సోల్ నగరం మాత్రం నీటిని వదిలించుకోవడం మానేసి, దాన్నే వంటలో భాగం చేసుకుంది. 1939లో మొదలైన హానిల్‌గ్వాన్, 1946లో మొదలైన వూరేఓక్ లాంటి పాత హోటళ్ల పేర్లు అక్కడ బుల్గోగితో ముడిపడి వినిపిస్తాయి. సోల్ పద్ధతికి గుర్తు మధ్యలో గుమ్మటంలా ఉబ్బి, చుట్టూ కాలువ ఉండే పళ్లెం. మాంసం గుమ్మటం మీద కాలుతుంది, రసం కాలువలోకి దిగుతుంది. ఆ కాలువలో ముందే కాస్త సూప్ పోసి, పుట్టగొడుగులు, ఉల్లికాడలు, చిలగడదుంప పిండితో చేసిన దాంగ్‌మ్యన్ సేమ్యా వేస్తారు. చివరికి ఆ సేమ్యా రసాన్నంతా పీల్చుకుంటుంది. కొందరికి మాంసం కన్నా ఆ సేమ్యా కోసమే తినాలనిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

కాబట్టి కొరియాలో రెండు దారులు స్పష్టంగా ఉన్నాయి. నీరు కారిపోయేలా జల్లెడ మీద కాల్చడం ఒకటి, నీటిని పోగుచేసి రసంగా తినడం రెండోది. ఇంటి వంట చాలాసార్లు ఈ రెండింటి మధ్యలో ఇరుక్కుంటుంది. కాల్చాలనుకుంటారు, కానీ పెనానికి జల్లెడ సందులు ఉండవు. నీరు ఊరుతుంది, కానీ దానికోసం సేమ్యా కానీ సూప్ కానీ సిద్ధంగా ఉండదు.

కాస్త లెక్క వేస్తే ఇది ఎందుకు జరుగుతుందో తెలుస్తుంది. అరకిలో మాంసం సాస్‌తో సహా ఒకేసారి పెనం మీద వేశామనుకుందాం. అంతా కలిసి 100 మిల్లీలీటర్ల నీరు ఊరడం పెద్ద విషయం కాదు. మరుగుతున్న 100 గ్రాముల నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే దాదాపు 226 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఇంటి గ్యాస్ పొయ్యి నుంచి పెనానికి నిజంగా అందే వేడి ఒక కిలోవాట్ అనుకుంటే, ఆ నీరు పోవడానికే దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. కానీ 2 మిల్లీమీటర్ల మందం ముక్క ఉడకడానికి ఒక నిమిషం చాలు. అంటే నీరు ఇగిరేసరికి మాంసం అవసరానికి మించి నాలుగింతలు ఉడికి, బిగుసుకుపోయి, తోలులా తయారవుతుంది. పైగా తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. మెయిలార్డ్ చర్య అని వంటశాస్త్రంలో చెప్పేది చురుగ్గా సాగేది అప్పుడే. తడి మాంసాన్ని ఎంత మంట మీద పెట్టినా, ఆ మంటంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది.

అదే 120 గ్రాములు మాత్రమే వేస్తే, సాస్ ముందే వడకట్టేస్తే, ఊరే నీరు 20 మిల్లీలీటర్లు దాటదు. అది ముక్కాలు నిమిషంలో ఎగిరిపోతుంది. ఆ తర్వాతి ముప్పై, నలభై సెకన్లలో అంచులు రంగు తిరుగుతాయి. ఒకే మాంసం, ఒకే సాస్, ఒకే పొయ్యి. నాలుగు విడతలుగా వేయడంతోనే వంట మారిపోతుంది. ఇంట్లో బుల్గోగి బాగా రావాలంటే ఏదైనా ఒక్క సలహా చెప్పమంటే, చెప్పాల్సింది ఇదే.

రెండో విషయం కత్తి. నానబెట్టడం అనగానే రుచి మాంసం లోపలిదాకా దిగుతుందని అందరం అనుకుంటాం. ఉప్పు కొంతవరకు దిగుతుంది. వెల్లుల్లి, మిరియాలు, నువ్వుల వాసనలు దాదాపు పైపైనే ఉండిపోతాయి. ఉప్పు దిగడానికి పట్టే సమయం కూడా మందంతో సమానంగా పెరగదు. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. 2 మిల్లీమీటర్ల ముక్కకు రెండు పక్కల నుంచీ సాస్ పడుతుంది కాబట్టి ఒక మిల్లీమీటరు దిగితే చాలు, అరగంటలో పని అయిపోతుంది. అదే 2 సెంటీమీటర్ల స్టేక్ ముక్కకు పదింతల మందం, వందింతల సమయం. బుల్గోగి అంతా పైపూతే అనిపించినా లోపలిదాకా రుచిగా ఉండటానికి కారణం, ఆ ముక్కలో పైభాగం తప్ప లోపలంటూ పెద్దగా ఏమీ లేకపోవడమే.

అంత పలచగా కోయడం మామూలు మాంసంతో కుదరదు. కత్తి కింద జారిపోతుంది. ముక్కను ప్లాస్టిక్ కవర్‌లో బిగించి గంటన్నర ఫ్రీజర్‌లో పెట్టాలి. బయట గట్టిపడి, మధ్యలో కత్తి దిగేటంత మెత్తదనం ఉన్నప్పుడు తీయాలి. పూర్తిగా గడ్డకడితే కత్తి జారి చేయి తెగే ప్రమాదం ఉంది, జాగ్రత్త. మాంసంలో పీచు ఏ దిక్కుకు పోతోందో ముందు చూసుకోవాలి. సన్నటి గీతలు ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటికి అడ్డంగా కోస్తే పొడవాటి పీచు పొట్టి పొట్టి తునకలవుతుంది, పంటికి మెత్తగా తగులుతుంది. గీతల వెంబడి నిలువుగా కోస్తే ఎంత నానబెట్టినా నమలాల్సిందే. కోసిన ముక్కల్ని పేపర్ టవల్ మధ్య పెట్టి ఒత్తి, నెత్తుటి తడి తీసేయాలి. నీటితో పోరాటం ఇక్కడి నుంచే మొదలు.

ఇక సాస్. అరకిలో మాంసానికి మూడు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల చక్కెర, పావు కప్పు బేరిపండు గుజ్జు, సగం చిన్న ఉల్లిపాయ తురుము, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, టేబుల్ స్పూన్ నువ్వుల నూనె, అర టీస్పూన్ మిరియాల పొడి, వేయించిన నువ్వులు, తరిగిన ఉల్లికాడలు. సహజంగా పులియబెట్టిన సోయా సాస్ టేబుల్ స్పూన్‌లో దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పుంటుంది. మూడు స్పూన్లంటే ఏడున్నర గ్రాములు, అంటే మాంసం బరువులో ఒకటిన్నర శాతం. వేరే ఉప్పు అక్కర్లేదు. కొరియన్ దుకాణంలో కొంటే గుక్ గాన్జాంగ్ అని రాసి ఉన్న సీసా దీనికి తీసుకోకూడదు. అది సూపుల కోసం చేసింది, ఉప్పు బాగా ఎక్కువ. యాంగ్జో లేదా జిన్ గాన్జాంగ్ కావాలి. మన సూపర్ మార్కెట్లలో చైనీస్ నూడుల్స్ కోసం అమ్మే నల్లటి చిక్కటి డార్క్ సోయా సాస్ వాడితే రంగు ముదిరిపోతుంది, పులియబెట్టిన సోయా రుచి సరిగా రాదు.

బేరిపండు గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే ఉంది. కొరియన్ బేరిపండు గుండ్రంగా, ఆపిల్‌లా కరకరలాడుతూ, నీరు నిండి ఉంటుంది. అందులో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైమ్ ఉన్నా, దాని బలం మరీ ఎక్కువేమీ కాదు. అది ముఖ్యంగా ఇచ్చేది సున్నితమైన తీపి, రసం. మన మార్కెట్లో దొరికే బేరిపండు చక్కగా సరిపోతుంది, ఆపిల్ కూడా ఫర్వాలేదు. కానీ బేరి దొరకలేదని అదే కొలతతో కివీ, పచ్చి అనాస, పచ్చి బొప్పాయి వేస్తే ముప్పే. వాటిలోని ఎంజైమ్‌లు చాలా బలమైనవి. పలచటి ముక్కల్ని గంటలో పిండిముద్ద చేసేస్తాయి. పచ్చి బొప్పాయి సంగతి హైదరాబాదీలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పత్తర్ కా గోష్త్‌కు మాంసాన్ని మెత్తబరిచేది అదే. అయితే అక్కడి ముక్క ఇంత పలచన కాదు. బుల్గోగికి బొప్పాయి వేయాల్సి వస్తే అరకిలోకు ఒక టీస్పూన్ గుజ్జు, అరగంటకు మించని సమయం. డబ్బాలో అమ్మే అనాసలో ఈ ఎంజైమ్ ఉండదు, డబ్బా పట్టేటప్పుడు వేడికి అది చచ్చిపోతుంది.

నువ్వుల నూనె దగ్గర తెలుగు వంటింట్లో మరో పొరపాటు జరగొచ్చు. ఆవకాయలో పోసే మన నువ్వుల నూనె లేతరంగులో, నెమ్మదైన వాసనతో ఉంటుంది. కొరియన్లు వాడేది నువ్వుల్ని బాగా ఎర్రగా వేయించి తీసిన నూనె, ముదురు గోధుమరంగులో ఉంటుంది. మూత తీస్తేనే వాసన గది నిండుతుంది. ఒకదాని బదులు మరొకటి వాడితే వంటలో కొరియా వాసనే రాదు. అది దొరకకపోతే మన నూనెతో పాటు అప్పటికప్పుడు వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపితే చాలావరకు దగ్గరికి వస్తుంది. ఏ నూనె అయినా సాస్‌లో చివర్లోనే కలపాలి. వేగడానికి మాత్రం దీన్ని వాడొద్దు, మంట మీద చేదెక్కుతుంది. పెనానికి పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె రాయడమే మేలు.

రాత్రంతా నానబెట్టాలన్న సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. పలచటి ముక్కలకు అది అవసరం లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం ముప్పై, నలభై నిమిషాలు చాలు. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే ఉప్పు, చక్కెర మాంసంలోని నీటిని బయటికి లాగుతాయి, పండు ఎంజైమ్ ముక్కను పులిసిన పిండిలా చేస్తుంది. ఎముకతో ఉండే గాల్బీ (పక్కటెముకల) ముక్కల సంగతి వేరు. అవి మందం, వాటికి రాత్రంతా నానడం న్యాయమే.

కాల్చేటప్పుడు ఇనప పెనం ఉంటే అంతకన్నా కావాల్సింది లేదు. దోసెల పెనం చాలు. నాన్‌స్టిక్ పెనాన్ని ఇంత వేడికి గురిచేయడం మంచిది కాదు. ముక్కల్ని జల్లెడలో వేసి సాస్ పూర్తిగా దిగనివ్వాలి, దిగిన సాస్‌ను పారబోయకుండా పక్కన పెట్టాలి. పెనం మీద నూనె రాసి, సన్నగా పొగ లేచేదాకా ఆగాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, కదపకుండా వదిలేయాలి. గరిటె చేతిలో ఉంటే కలపాలనిపిస్తుంది, కానీ కలిపిన ప్రతిసారీ వేడి తగ్గుతుంది, నీరు మళ్లీ ఊరుతుంది. మొదట చిటపటలాడే శబ్దం బరువుగా, తడిగా వినిపిస్తుంది. నీరు అయిపోగానే అదే శబ్దం సన్నబడి, పొడిగా, చురుక్కుమంటుంది. ముక్క అంచున చక్కెర ముదిరి ముదురు చాక్లెట్ రంగు గీతలా కనిపిస్తుంది. తిరగేయాల్సింది అప్పుడే. రెండో పక్క పదిహేను, ఇరవై సెకన్లు చాలు. విడతకూ విడతకూ మధ్య పెనం మీద అంటుకున్న నల్లటి చక్కెరను రెండు చెంచాల నీళ్లు చల్లి, గీకి, తుడిచేయాలి. లేకపోతే మూడో విడతకల్లా చేదు మొదలవుతుంది. పక్కన పెట్టిన సాస్‌లో పచ్చి మాంసం రసం ఉంటుంది కాబట్టి దాన్ని బాగా మరిగించాకే వాడుకోవాలి.

ఇంత టెన్షన్ వద్దనుకునేవాళ్లకు సోల్ దారి ఉండనే ఉంది. గుమ్మటం పళ్లెం లేకపోయినా వెడల్పాటి లోతు తక్కువ గిన్నె చాలు. దాంగ్‌మ్యన్ సేమ్యాను అరగంట చల్లటి నీళ్లలో నానబెట్టాలి. ఒక కప్పు పలచటి సూప్, సాస్‌తో సహా మాంసం, ఉల్లిపాయ చీలికలు, పుట్టగొడుగులు వేసి మంట పెట్టి, మాంసం రంగు మారగానే సేమ్యా వేసి రెండు మూడు నిమిషాల్లో దించేయాలి. ఇక్కడ ఎర్రదనం రాదు, రావాల్సిన అవసరమూ లేదు. కాల్చబోయి ఉడికిపోయినదానికీ, ఉడికించాలనే ఉడికించినదానికీ తేడా నాలుకకు ఇట్టే తెలుస్తుంది.

మాంసం ఎంపికలో తెలుగువాళ్లు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి సమస్య మారుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు దాదాపు సమస్యే లేదు. 1982లో న్యూయార్క్‌లో ఒక్క కొట్టుగా మొదలై దేశమంతా పాకిన హెచ్ మార్ట్ లాంటి కొరియన్ దుకాణాల్లో బుల్గోగి కోసమనే యంత్రంతో పలచగా కోసిన మాంసం ప్యాకెట్లు దొరుకుతాయి. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు క్యారల్టన్‌లోనే ఆ దుకాణం ఉంది. రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి భాగం) కొంటే కొవ్వు గీతలతో మెత్తగా వస్తుంది. టాప్ రౌండ్ (వెనక తొడ భాగం) చవక, కానీ పీచు ఎక్కువ.

ఆంధ్ర, తెలంగాణల్లో పరిస్థితి వేరు. ఆవుల వధను నిషేధిస్తూ 1977లో చేసిన చట్టం రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది కాబట్టి, పెద్దకూర పేరుతో దొరికేది సాధారణంగా గేదె, దున్న మాంసం. అది ముదురు రంగులో ఉంటుంది, కండలో కొవ్వు గీతలు చాలా తక్కువ. కొరియన్ హాన్‌వూ పశువుల మాంసం లోపలి కొవ్వు కరిగి ఇచ్చే మెత్తదనం ఇందులో దొరకదు. అంతమాత్రాన బుల్గోగికి పనికిరాదని కాదు. నూనెను ఒక స్పూన్ పెంచి, మందాన్ని 2 మిల్లీమీటర్లకు మించనివ్వకుండా, అడ్డకోత పక్కాగా పాటిస్తే మంచి ఫలితమే వస్తుంది. కసాయి దుకాణంలో అండర్‌కట్ అని అడిగితే వెన్ను లోపలి మెత్తటి భాగం ఇస్తారు. పై చెప్పిన టీస్పూన్ బొప్పాయి గుజ్జు నిజంగా పనికొచ్చేది ఈ మాంసానికే. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక, అక్కడి కొరియన్ ఉద్యోగుల కోసం ఆ ప్రాంతంలో కొరియన్ హోటళ్లు కూడా వచ్చాయి. కొరియన్ వంట రుచి చూడాలంటే విమానం ఎక్కాల్సిన రోజులు పోయాయి. బీఫ్ తిననివాళ్లు ఎముకలేని కోడి తొడ మాంసంతో ఇదే సాస్ వాడొచ్చు. కొరియాలో దాక్ బుల్గోగి అని చేసేది అదే.

మనవాళ్లకు సహజంగా చేయి వెళ్లేది కారం డబ్బా మీదికి. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా కూడా పడితే బాగుంటుందనిపిస్తుంది. బుల్గోగి కారం వంట కాదు. కారం పడితే సోయా సాస్, నువ్వుల వాసన, మాడిన చక్కెర మూడూ వెనక్కిపోతాయి. కారం కావాలంటే తినేటప్పుడు దానికి చోటుంది. లెట్యూస్ ఆకులో కాస్త అన్నం, ఒక ముక్క మాంసం, సామ్‌జాంగ్ అనే పులియబెట్టిన సోయా, మిరప ముద్ద, ఒక పచ్చి వెల్లుల్లి చీలిక, ఒక పచ్చిమిర్చి ముక్క పెట్టి, మడిచి, ఒక్క ముద్దలో నోట్లో పెట్టుకోవడం కొరియన్ల అలవాటు. పచ్చిమిర్చి కారం మాంసం తీపికి ఎదురై, రెండూ విడివిడిగా తెలుస్తాయి.

ఒకేసారి కిలో మాంసం కోసి, సాస్ కలిపి, పూటకు సరిపడా ప్యాకెట్లుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం చాలా కొరియన్ ఇళ్లలో మామూలే. కలిపిన వెంటనే గడ్డకట్టిస్తే ఎంజైమ్ పని దాదాపు ఆగిపోతుంది, ముక్క పాడవదు. ప్యాకెట్లను బల్లపరుపుగా, పలచగా పరిచి పెడితే త్వరగా గడ్డకడతాయి, త్వరగా కరుగుతాయి. వండేముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించుకోవాలి. కరిగిన ప్యాకెట్‌లో మామూలుకన్నా ఎక్కువ నీరు ఊరి ఉంటుంది. దాన్ని వడకట్టి, ముక్కల్ని ఒకసారి పేపర్ టవల్‌తో ఒత్తాకే పెనం ఎక్కించాలి.